ఊ కొట్టే గోడ

బొమ్మలకుంటలో ఓబిలేష్‌లు ఇద్దరు. ఒకడు మేకల ఓబిలేష్, ఇంకొకడు మోటార్ల ఓబిలేష్. ఈ కథ మోటార్లవాడిది. బోర్లలో కాలిపోయిన మోటార్లను పైకి లాగి, విప్పి, బాగుచేసి మళ్లీ దించడం అతని పని. పనిలో వంక పెట్టే మనిషి చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ లేడు. కాకపోతే ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడా, ఇక మనిషి అక్కడుండడు. చేతిలో ఫోను ఉంటుంది, నోట్లో ఊ ఉంటుంది.

ఆ ఊ గురించి కొంచెం చెప్పాలి. మనకు ఊ అంటే వింటున్నానని ఒక అర్థం, ఒప్పుకున్నానని ఇంకో అర్థం. కథలు చెప్పే అవ్వలకు మొదటిది కావాలి, పిల్లనిచ్చే మామలకు రెండోది కావాలి. ఓబిలేష్ ఊకి ఈ రెండూ లేవు. అది ఆవులింత లాంటిది. పెళ్లాం ఈశ్వరి గొంతు ఎక్కడ ఆగితే అక్కడ ఇతని గొంతు దానంతటదే ఊ అనేస్తుంది, ఆ సంగతి ఇతనికి కూడా చెప్పదు. ఉప్పు అయిపోయిందంటే ఊ. బియ్యంలో పురుగు పడిందంటే ఊ. ఒకసారి ఈశ్వరి ఉండబట్టలేక "ఇంట్లోకి నాగుబాము వచ్చింది, నీ పక్కనే కూర్చోనుండాది" అంటే దానికీ ఊ అనే అన్నాడు. ఆమె కాసేపు చూసి, ఆ పాముకు కూడా ఒక చెంబు నీళ్లిచ్చినంత నింపాదిగా లోపలికి పోయింది.

అంతగా ఆ ఫోనులో ఏం చూస్తాడయ్యా అంటే, నీళ్లు. నవ్వకండి. ఎక్కడో ఎవరో బోరు వేస్తుంటారు, నీళ్లు ఎగజిమ్మి లారీ మీద పడతాయి, జనం తడుస్తూ ఎగురుతారు. అవి చూస్తాడు. జలపాతాలు చూస్తాడు. వంక పొంగి బస్సు ఆగిపోతే దాన్నీ నోరు తెరుచుకుని చూస్తాడు. మబ్బు వస్తే చుట్టం వచ్చినట్టు వీధిలోకొచ్చి చూసే సీమ మాది, నీళ్ల మీద ఆశ ఉండడం తప్పేమీ కాదు. కానీ ఒక బోరు చూసినాక చాలనాలి కదా! చాలదు. దీని తర్వాతి దాంట్లో ఇంకా పెద్ద ధార పడుతుందేమోనని బొటనవేలు ఒక్క తోపు తోస్తుంది. ఆ తర్వాత ఇంకొకటి. కడవ పట్టుకుని కుళాయి దగ్గర నిలబడిన ఈశ్వరి ఇదంతా చూస్తూనే ఉంటుంది.

ఒక ఆదివారం పొద్దున పీర్ల చావిడి ముజావరు ఖలందర్ తాత ఇంటి ముందుకొచ్చాడు. ఊళ్లో పీర్లను ఎత్తేదీ దించేదీ, నిప్పుల గుండం దగ్గరుండి మొక్కులు తీర్పించేదీ ఆయనే. ఆయనకు హిందువులూ ముస్లిములూ అందరూ మనవళ్లే.

"చెయ్యి చాపప్పా" అన్నాడు తాత.

చక్కెర పెడతాడేమో అనుకుని ఓబిలేష్ ఎడమచేతిలో ఫోను అలాగే ఉంచుకుని కుడిచెయ్యి చాపాడు. తాత చక్కెర పెట్టలేదు. మణికట్టుకు ఎర్రదారం చుట్టి ముడివేశాడు.

"ఈ పొద్దు నుంచి ఒక్కపొద్దు ఉండాల. కాళ్లకు చెప్పులొద్దు. నీసు ముట్టొద్దు. పండగ దినం తెల్లారుజామున గుండం."

"ఎవురు తాతా గుండం తొక్కేది?"

"నువ్వే."

ఓబిలేష్ ఫోను లోంచి తల ఎత్తాడు. గడపలో నిలబడిన ఈశ్వరి కొంగుకు చేతులు తుడుచుకుంటూ అంది: "నేను మొక్కుకున్యా, నువ్వు గుండం తొక్కాల అని చెప్పినా గదప్పా. ఊ అంటివి."

లోపల మంచం మీద నుంచి అతని తల్లి ఓబులమ్మ కూడా సాక్ష్యం చెప్పింది. "నేనూ ఇన్యా. ఊ అన్యాడు."

ఇందులో ఈశ్వరి తప్పేమీ లేదు. మొక్కుకునేది ఆడవాళ్లు, తీర్చేది మగవాళ్ల ఒళ్లు అన్నది ఎప్పటి నుంచో ఉన్నదే. తిరుపతిలో గుండు కొట్టించుకునే మగవాళ్లను నిలబెట్టి అడగండి, సగం మంది తలలు పెళ్లాలు మొక్కుకున్నవే. జుట్టయితే మళ్లీ వస్తుంది. ఓబిలేష్ తన పాదాల వైపు చూసుకున్నాడు.

తాత పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు. "మన ఊరి పద్ధతి తెలుసు గదా. గుండం అంచున నిలబడి, ఏం కోరిక తీరిందని తొక్కుతాండావో నీ నోటితో నువ్వే చెప్పాల. ఊరంతా ఇనాల. మీ చిన్నాయన ఆ పొద్దు ఒక మొక్కుకు ఇంకో మొక్కు చెప్పి, ఆ వాన కాలమంతా మంచం దిగలేదు. గ్యాపకం ఉండాదా?"

జ్ఞాపకం ఉంది. చిన్నాయన కాళ్లకు కట్టిన అరిటాకులు కూడా జ్ఞాపకం ఉన్నాయి.

తాత పోయాడు. ఓబిలేష్‌కు నిప్పంటే భయం లేక కాదు, ఉంది. కానీ దానికన్నా పెద్ద భయం ఇంకోటి ముందుకొచ్చి కూర్చుంది. ఇంతకీ ఏం కోరిక తీరింది? ఈశ్వరి దేనికి మొక్కుకుంది? అడిగితే అయిపోయేదే కదా అంటారు. ఎట్లా అడుగుతాడు? అడిగాడంటే ఆ ఊ ఉత్త ఊ అని తేలిపోతుంది. ఒక్క ఊ దొంగదని తేలితే ఇన్నేళ్ల ఊలన్నీ దొంగవే అయిపోతాయి. కాపురం మొత్తం దాని మీదే నడిచింది మరి!

మొదట తల్లి దగ్గర కూర్చున్నాడు. "ఏమ్మా, ఈశ్వరి దేనికి మొక్కుకున్యాదంటావు?"

ఓబులమ్మ మొహం విప్పారింది. "ఇంగ దేనికిరా! నా మోకాళ్లకే. సంకురేతిరి ముందు లేవనే లేకుంటి గదా. ఇప్పుడు చూడు, గుర్రము మాదిరి ఉండా. నా కోడలు బంగారు."

ఓబిలేష్ ప్రాణం లేచొచ్చింది. మొక్కు తెలిసిపోయింది. నిశ్చింతగా ఫోను తీసి ఒక బోరు పూర్తిగా చూడకముందే ఓబులమ్మ నీళ్లు తాగడానికని మంచం దిగబోయి, "అయ్యో దేవుడా, నా మోకాళ్లో" అని వీధి చివరికి వినపడేలా అరిచింది. ఆ మొక్కు కాదని తేలిపోయింది.

తర్వాత ఎర్రిస్వామి టీ అంగడికి పోయాడు. ఎర్రిస్వామి చిన్ననాటి స్నేహితుడు, ఊళ్లో ఎవరింట్లో ఏ కూర ఉడికిందో చెప్పగలడు.

"అదేమన్నా పెద్ద సంగతా?" అన్నాడు ఎర్రిస్వామి టీ ఎత్తి పోస్తూ. "మీ బామ్మర్దికి గుంతకల్లులో రైల్వే పని వచ్చె గదా, దానికే."

"వచ్చిందా?"

"ఏమప్పా, నీకు తెల్దా? ఊరంతా బూందీ పంచిరి."

"నాకియ్యలేదే!"

"నా పక్కన కూర్చోనే తింటివి. ఫోను చూసుకుంటా తింటివి. ఇంకొంచెం అడిగి పెట్టించుకుంటివి గూడా." ఎర్రిస్వామి ఒక్క క్షణం ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. "లే, లే. అది గాదులే. దానికి మీ అత్త గుండు కొట్టించుకునె."

"మా అత్తకు గుండా?"

"పోయిన నెలంతా మీ ఇంట్లోనే ఉండె గదప్పా ఆ యమ్మ!"

ఓబిలేష్ టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. ఎర్రిస్వామి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. నవ్వుతాడేమో అనుకుంటే నవ్వలేదు.

"మీ నాయన గ్యాపకం ఉండాడా నీకు? ఆ మూడెకరాల్లో బోరు మింద బోరు. ఒకటి ఎండిపాయె. ఇంకోటి రాయి తగిలె. ఇంకొక్కటి ఏస్తే పడతాది, ఇంకొక్కటి ఏస్తే పడతాది అని అమ్ముకుంటా వచ్చె. యాడో ఒకసారి రోంత తడి తగిలె, ఆ తడే మనిషిని నిలవనియ్యలేదు. అసలు ఏమీ తగలకుంటే ఎప్పుడో నిలిపేసుండు. నువ్వు మీ నాయనను తిడతావు గానీ, నువ్వూ ఏస్తాండేది బోర్లే గదప్పా. ఆయన భూమిలో ఏసె, నువ్వు బొటనేలితో ఫోన్లో ఏస్తాండావు."

ఈ మాట ఓబిలేష్‌కు తగలవలసిన చోటే తగిలింది. కోపం కూడా వచ్చింది. కోపం వచ్చినప్పుడు చెయ్యి జేబులోకి పోయి ఫోను తీసింది, బొటనవేలు ఒక్క తోపు తోసింది, లారీ మీద నీళ్లు పడ్డాయి. అప్పుడు తన చేతిని తానే చూసుకుని సిగ్గుపడి ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నేను తీయలేదురా, అదే తీసింది" అన్నాడు. ఎర్రిస్వామి "తెలుసులే" అన్నాడు.

సరే, ఎదురుగా కూర్చుని మాట్లాడితే మొక్కు సంగతి ఎక్కడో ఒకచోట బయటికి రాకపోతుందా అనుకుని ఓబిలేష్ ఆ సాయంత్రం ఫోను ఇంట్లో పెట్టేసి, వంటింటి గడపలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఈశ్వరి సంగటి కెలుకుతోంది.

"ఈశ్వరీ, మాట్లాడు."

ఈశ్వరి తెడ్డు పట్టుకునే వెనక్కి తిరిగింది. "ఏమాయె?"

"ఏమీ కాలేదు. ఊరికే. ఏమన్నా చెప్పు. ఇంటా."

ఆమె దగ్గరికొచ్చి అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. అప్పుడు ఆమెకు నిజంగా భయం వేసింది. "మోటారు ఎవురిదన్నా బోర్లో పడేసినావా?"

"లేదు."

"నా కమ్మల మీద కన్ను పడిందా?"

"అయ్యో, లేదు ఈశ్వరీ! చెప్పు, నీకేం చెప్పాలనిపిస్తే అది."

ఈశ్వరి నోరు తెరిచింది. మూసింది. రెండు కళ్లు తననే చూస్తుంటే ఆమెకు ఏ మాటా రాలేదు. ఇన్నేళ్లూ ఆమె మాట్లాడింది అతని నెత్తితో, ఫోను వెలుగు పడే అతని గడ్డంతో. అత్త మీద కోపం, పక్కింటివాళ్ల మీద ఉక్రోషం, తన పిచ్చి పిచ్చి భయాలు, అన్నీ అట్లాగే కక్కేసేది. గోడకు చెప్పుకున్నట్టు. గోడయినా ఊ అనదు కదా, ఇది ఊ కొట్టే గోడ. వినేవాడైతే ఎదురు చెప్తాడు, రేపు ఎత్తిచూపుతాడు. వినని మొగుడిలో ఆమెకు కొంత సుఖం కూడా ఉండేది, ఆ సుఖానికి అలవాటు పడిపోయింది. ఇప్పుడు గోడ హఠాత్తుగా కళ్లు తెరిచి చెప్పమంటే ఎట్లా చెప్తుంది?

"సంగటి అడుగంటుతాది. లెయ్ ఆడ నుంచి" అంది.

అలా రెండు మూడు పూటలు ప్రయత్నించాడు. అతను ఎంత కళ్లప్పగించి కూర్చుంటే ఆమె అంత మూగదైపోయింది. ఓబులమ్మ మంచం మీద నుంచి "ఏమిరా, కొట్లాడుకున్యారా?" అని కూడా అడిగింది. చావిడి ముందు గుండానికి కట్టెలు పేర్చడం మొదలైంది. చింతమొద్దులు. ఓబిలేష్ ఆ దారిన వట్టి కాళ్లతో పోయినప్పుడల్లా ఆ మొద్దులు తనను గుర్తుపట్టినట్టు అనిపించేది.

పండగకు ముందు రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఈశ్వరి వసారాలో చాట ముందేసుకుని విత్తనానికి, మేము చెనిక్కాయలనే వేరుశనగ కాయలు ఒలుస్తోంది. ఓబులమ్మ నిద్రపోతోంది. ఓబిలేష్ ఫోనులో చార్జింగు అయిపోయి తెర నల్లబడిపోయింది. అయినా అలవాటున దాన్ని పట్టుకునే వచ్చి ఈశ్వరి పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బొటనవేలు ఆ నల్లటి తెర మీద ఒక్క తోపు తోసింది. ఏమీ రాలేదు. మళ్లీ తోసింది.

ఈశ్వరి ఒక్కసారి ఓరగా చూసింది. ఫోను ఉంది. తల వంచుకుని ఉంది. అంతే, నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆ ఎర్రకోడి మల్ల పక్కింట్లో గుడ్డు పెట్టింది."

"ఊ" అన్నాడు ఓబిలేష్. ఏ దారం లాగినా తెగిపోతుందేమోనని తల ఎత్తకుండా తెర మీద వేలు ఆడిస్తూ కూర్చున్నాడు.

ఇక మాటలు పారాయి. కోడి తర్వాత పక్కింటామె వచ్చింది. ఆమె తర్వాత ఓబులమ్మ వచ్చింది. ఓబులమ్మ గురించి ఈశ్వరి అన్న మాటలకు ఓబిలేష్ చెవులు ఎర్రబడ్డాయి గానీ, ఊ అన్నాడు. అప్పుడు తన వంతు వచ్చింది. "నాకొక మొగుడుండాడు. ఊరి బోర్లన్నీ బాగుచేస్తాడు, ఇంట్లో కుళాయి కారతాంటే దానికి నేనే గుడ్డ కట్టాల" అంది. దానికీ ఊ అన్నాడు. ఇంత బాగా మాట్లాడుతుందా ఈమె? పక్కింటామె నడకను చేతిలో చెనిక్కాయతో చేసి చూపిస్తోంది. నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఇన్నేళ్లూ ఇంత తమాషా ఇంట్లో జరుగుతుంటే తాను లారీల మీద నీళ్లు చూస్తూ కూర్చున్నానా అని అతనికి నిజంగానే బాధేసింది.

"రేపు గుండం" అంది ఈశ్వరి. గొంతు కొంచెం తగ్గింది. "ఆ పీర్ల స్వామి నా మాట ఇన్యాడు. ఆయనన్నా ఇన్యాడు."

"ఊ."

"ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలినప్పుడు ఇంగ నా పని అయిపాయె అనుకున్యా. మా పెద్దమ్మ దాంతోనే గదా పోయింది. అనంతపురం పోదాము, వస్తావా అంటే ఊ అంటివి. తెల్లారి చూస్తే బండేసుకోని పన్లోకి పోయినావు. నేనొక్కదాన్నే బస్సెక్కినా. ఆ డాక్టరమ్మ సూది పెట్టి తీసి, పరీక్షకు పంపిచ్చినాము, తర్వాత రాండి అన్యాది. ఆ నడిమిట్లో రాత్రిళ్లు నీ మొగం చూసుకుంటా పండుకుంటి. మల్ల ఇంకోసారి ఒక్కదాన్నే పోతి. ఏమీ లేదు తల్లీ, ఉత్త గడ్డే అన్యాది. ఆ ఆసుపత్రి మెట్ల మీద కూర్చోని ఏడిస్తి. ఏడ్చి, బన్ను తిని, బస్సెక్కి వస్తి."

చాటలో చెనిక్కాయలు పటపటమని పగులుతున్నాయి. ఒకటి. ఇంకొకటి. తర్వాత ఆ చప్పుడు ఆగింది.

ఊ రాలేదు.

ఈశ్వరి తల తిప్పి చూసింది. "ఏమప్పా, ఊ అనవే?"

ఓబిలేష్ తల వంచుకునే ఉన్నాడు. ముక్కు చివర నుంచి ఒక బొట్టు జారి ఫోను మీద పడింది. ఈశ్వరి ఆ ఫోను వైపు చూసింది. తెర నల్లగా ఉంది. పైగా తలకిందులుగా పట్టుకున్నాడు.

"ఇదంతా అప్పుడే చెప్పినా నీకు" అంది ఈశ్వరి మెల్లగా. "ఊ అంటివి."

"నేను ఇనలేదు ఈశ్వరీ."

"తెలుసు" అంది ఆమె. తెలిసి కూడా ఎందుకు చెప్పావని అతను అడగలేదు. మోకాలి దగ్గరి చాటను ఆమె అతని వైపు తోసింది. అతను ఫోను పక్కన పెట్టి ఒలవడం మొదలుపెట్టాడు. మోటార్లు విప్పే చేతులు కదా, సగం పప్పులు చిదిమేశాడు. ఆమె తిట్టింది. ఆ తిట్లు అతను ఒక్కటీ వదలకుండా విన్నాడు.

పండగ తెల్లారింది. గుండం ఎర్రగా కణకణలాడుతోంది. డప్పులు మోగుతున్నాయి, పీర్లు కదిలాయి. ఊరి జనమంతా చుట్టూ నిలబడి చేతులు పైకెత్తారు. దండం పెట్టడానికి కాదు, వీడియో తీయడానికి. ఎర్రిస్వామి అందరికన్నా ముందున్నాడు. ఓబిలేష్ తలస్నానం చేసి, పసుపు పంచె కట్టుకుని అంచున నిలబడ్డాడు. ఎదురంచున ఈశ్వరి నిలబడి ఉంది.

"చెప్పప్పా" అన్నాడు ఖలందర్ తాత. "దేనికి తొక్కుతాండావు?"

"నా పెండ్లాము బాగుండాది" అన్నాడు ఓబిలేష్. వెనకున్నవాళ్లకు వినపడలేదు. మళ్లీ అన్నాడు, ఊరి చివరికి వినపడేలా: "నా పెండ్లాము బాగుండాది తాతా! అందుకే!"

తాత తల ఊపాడు. ఓబిలేష్ నిప్పుల మీద అడుగుపెట్టాడు. ఒకటి, రెండు, బాగానే పోతున్నాడు. సరిగ్గా నడిమధ్యకు వచ్చేసరికి అతని నడుములో ఫోను మోగింది.

ఎప్పుడు దోపుకున్నాడో అతనికే తెలియదు. స్నానం చేసి పంచె కట్టుకునేటప్పుడు ఆ పాడు చెయ్యి దానంతటదే తీసి మడతలో దోపేసి ఉంటుంది. మోగడంతోనే ఆ చెయ్యి మళ్లీ నడుము దగ్గరికి పోయింది. చెయ్యి పోతే కాలు ఆగింది. ఇన్నేళ్ల అలవాటు, కింద నిప్పులున్నాయని దానికేం తెలుసు?

"ఓయ్! నడువప్పా!" అని ఎదురంచు నుంచి ఈశ్వరి అరిచింది.

డప్పుల మోతలో, జనం కేకల్లో, ఆ మాట అతనికి ఒక్కసారికే వినపడింది. మిగిలిన నాలుగడుగులు ఒక్క గంతులో పూర్తయ్యాయి. ఈశ్వరి కడవెడు నీళ్లు కాళ్ల మీద కుమ్మరించి, నడుములో చెయ్యి పెట్టి ఫోను లాక్కుని చెవి దగ్గర పెట్టుకుంది. కాసేపు విని, "ఎవురో అమ్మాయి. కొత్త పాట పెట్టుకుంటావా అని అడుగుతాంది" అని కట్టేసింది.

ఇంటికి పోయేటప్పుడు ఓబిలేష్ కుంటుతున్నాడు. కుడి మడమ మీద బొబ్బ లేచింది. వెనకాల ఎర్రిస్వామి "ఓబిలేషా, వీడియో సూపర్‌గా వచ్చినాది, చూస్తువు రా" అని పిలుస్తున్నాడు. ఓబిలేష్ బొటనవేలు ఒక్కసారి అదిరింది. దాన్ని పిడికిట్లోకి ముడుచుకున్నాడు.

"కాలిందా?" అంది ఈశ్వరి.

"ఊ."

ఆమె ఆగిపోయింది. "ఇని అన్యావా? ఊరికే అన్యావా?"

"ఇనే అన్యా. కాలింది. మడమంతా కాలింది."

ఈశ్వరి నవ్వింది. నవ్వుతూనే అతని చెయ్యి తన భుజం మీద వేసుకుని మళ్లీ నడవసాగింది. కొంత దూరం పోయాక, దారి వైపే చూస్తూ అంది: "ఆ డాక్టరమ్మ చూపిచ్చుకోను మల్ల ఒకసారి రమ్మన్యాది. వచ్చే నెల."

అని ఆగింది. ఎప్పుడూ ఊ పడే చోటే ఆగింది.

"వస్తా" అన్నాడు ఓబిలేష్.